రెండో ముక్క

"ఏదీ, తిప్పు చూద్దాం," అంది కలీపా.

బురుల్ పదిహేడో నంబరు పానాని బోల్టుకు తగిలించి తిప్పబోయింది. పావు చుట్టన్నా తిరక్కుండానే పానా తోక వెళ్ళి పక్కనున్న ఇనుప కాలికి ఠంగున కొట్టుకుంది. పిల్ల పానాని బోర్లించి పట్టింది, పైనుంచి పెట్టింది, నడుం వంచి ఎడమ చేత్తో ప్రయత్నించింది. బోల్టూ ఉంది, పానా ఉంది, తిరిగే యోగం మాత్రం రెంటికీ లేదు.

"నీ డ్రాయింగులో కాలికీ బోల్టుకీ ఎంత దూరం పెట్టావు?"

"పదిహేను మిల్లీమీటర్లు."

"నేనూ అంతే పెట్టి బిగించాను. కాగితం మీద ఏ పానా అయినా తిరుగుతుందే తల్లీ. అక్కడ తిప్పేవాడికి చెయ్యి ఉండదు, చేతికి వేళ్ళుండవు."

"నిన్ననే చెప్పి ఉండొచ్చు కదక్కా! మూడోసారి గీస్తున్నాను. నా వేళ్ళు కాయలు కాస్తున్నాయి."

"చెబితే మర్చిపోతావు. పానా చెబితే మర్చిపోవు."

జలాలాబాద్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటు వర్క్‌షాపులో కలీపా పద్ధతే అంత. తప్పుని నోటితో చెప్పదు. పాత ఇనుప ముక్కల్ని డ్రాయింగులో ఉన్న కొలతలకే అమర్చి, పనిముట్టు విద్యార్థి చేతికిచ్చి, తను పచ్చ టీ చప్పరిస్తూ కూర్చుంటుంది. కళ్ళజోడుకు ఎలాస్టిక్ తాడు, తలకు గళ్ళ రుమాలు, మోచేతులదాకా నూనె మరకలు. పిల్లలు వెనకాల ఆమెను 'బోర్డర్ చెక్‌పోస్టు' అంటారు. ఎందుకంటే డ్రాయింగు కాగితానికి కింద కుడిమూల చిన్న చిన్న గళ్ళుంటాయి. గీసినవాడి పేరుకొక గడి, సరిచూసినవాడికొక గడి, ఒప్పుకున్నవాడికొక గడి. వాటి నడుమ ఇంకొకటుంది. 'ఇది తయారు చేయవచ్చు' అని పూచీపడే గడి. వేరే కాలేజీల్లో అందులో ఎవరో ఒకరు గీకి పడేస్తారట. ఇక్కడ ఆ గడి కలీపాది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ చెయ్యి పడకుండా ఒక్క డ్రాయింగూ ఆ షెడ్డు దాటి పోలేదు.

ఆవిడకి ఒకటే సూత్రం. మొదటి ముక్క చేసేవాడి గొప్ప, రెండో ముక్క గీసినవాడి గొప్ప. చేయి తిరిగిన మనిషి ఎంత చెత్త డ్రాయింగునైనా బతిమాలో బెదిరించో ఒక ముక్క లాగేస్తాడు. గీసినవాడి మొహం ఎన్నడూ చూడని మరొకడు, ఎక్కడో కొండ కింద, ఆ కాగితం ఒక్కటే చూసుకుని రెండోది చేయగలిగితేనే అది డ్రాయింగు. లేకపోతే బొమ్మ.

బురుల్ గీసింది అక్రోట్లు కొట్టే యంత్రం. ఈ ఏడు ఆఖరి సంవత్సరం పిల్లలందరికీ అదే ప్రాజెక్టు. గెలిచిన యంత్రాన్ని నలభై చేసి, సెప్టెంబరులో కాయలు రాలే నాటికి అడవి ఊళ్ళకు పంచుతారు. బురుల్‌ది ఆ అడవి ఊరే. వాళ్ళమ్మ బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకి గోరులా ఉండటం మానేసి చాలా ఏళ్ళయిందని, అక్రోటు తొక్క నలుపు ఆ చేతుల్నించి వసంతందాకా పోదని, పిల్ల మొదటిరోజే చెప్పింది. "మా ఊరి వెల్డర్ చెయ్యగలగాలి అక్కా, అంతే. వాడి దగ్గర లేత్ లేదు" అంది. అందుకే అందులో లేత్ పనే లేదు. ఒక గొట్టం, దాని లోపల తిరిగే రేకు శంకువు, రెంటిమీదా వెల్డు చేసిన కడ్డీలు, ఒక హ్యాండిల్. పైన వేసిన కాయ దిగేకొద్దీ సందు ఇరుకై పెంకు పగులుతుంది. ఆ సందుని సరిచేసే బోల్టే ఇప్పుడు తిరగనిది.

కలీపా పైకి అనలేదు గానీ ఇంత సుళువైన డ్రాయింగు చూసి చాలా ఏళ్ళయింది. అందుకే ఇంతగా పీడిస్తోంది. బాగా గీసే పిల్లని వదిలేయడానికి మనసొప్పలేదు.

"బోల్టుని ముప్ఫైకి జరుపు. కాలు పొడుగు మార్చకు. తెచ్చావంటే సంతకం పెడతా."

"ఒట్టు?"

"ఫో అవతలికి."

పిల్ల నవ్వుకుంటూ కాగితం చుట్టింది. అప్పుడే తలుపులో జపార్ ఒరోజోవిచ్ కనిపించాడు. డిపార్ట్‌మెంటు పెద్ద. ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర ఇదే పానాతో కుస్తీ పట్టినవాడు. పనుంటే 'అక్కా' అంటాడు, లేకపోతే పేరు పెట్టి పిలుస్తాడు.

"అక్కా, టీ ఉందా?" అన్నాడు.

ఏదో పని పడిందని కలీపాకి అర్థమైపోయింది.

వెనకాలే ఎల్దియార్ వచ్చాడు. పొడుగ్గా, మెతగ్గా, ఎప్పుడూ క్షమాపణ చెప్పబోతున్నట్టుండే కుర్రాడు. వాళ్ళ నాన్నకి అక్రోట్లు కొని విదేశాలకు పంపే గోదాములున్నాయి. నలభై యంత్రాలకూ డబ్బు పెడుతున్నది ఆయనే. కుర్రాడు ప్రింటరులో పోసిన తెల్ల ప్లాస్టిక్ నమూనా బల్లమీద పెట్టాడు. అబ్బో, అందంగానే ఉంది. పైన కాయ పట్టేంత మూతి, కింద అంతే మూతి, నడుమ బొజ్జ, బొజ్జ లోపల ఆరు పలకలు, పలకా పలకా కలిసేచోట కత్తి అంచులాంటి మూలలు. మీట నొక్కితే కాయ ఆ మూలలమధ్య ఇరుక్కుని, అతుకుల దగ్గరే పగులుతుందట.

కలీపా నమూనాని కిటికీ వెలుగుకు పెట్టి ఒక కంటితో లోపలికి చూసింది.

"దేంతో చేద్దామని?"

"అల్యూమినియం దిమ్మలోంచి అక్కా," అన్నాడు ఎల్దియార్. "ఒకే ముక్క."

కలీపా డబ్బాలోంచి మిల్లింగు కట్టరొకటి తీసి వాడి అరచేతిలో పెట్టింది. "ఇది ఏ ఆకారం?"

"గుండ్రం."

"గుండ్రంగా తిరిగేది లోపలి మూలని ఇంత పదునుగా ఎలా చెక్కుతుంది నాయనా? పోనీ మూలలు గుండ్రం చేద్దాం. ఈ మూతిలోంచి దూరి, లోపలికెళ్ళాక పక్కకి వంగి బొజ్జ గీకే కట్టరు ఎక్కడ దొరుకుతుంది? ప్రింటరుకేం, అడుగునుంచి పొరమీద పొర పోసుకుంటూ పోతుంది. లోహం అలా కాదు. బయటినుంచి దారి ఉండాలి." ఆవిడ వేలితో నమూనా నడుమ గీత గీసింది. "ఇదిగో, ఇలా రెండు చెక్కలు చెయ్యి. విడివిడిగా చెక్కి నాలుగు బోల్టులు వేద్దాం. అప్పుడు నేనే కాదు, ఎవరైనా చేస్తారు."

ఎల్దియార్ మొహం వెలిగింది. "అవును కదా!" అన్నాడు. మరుక్షణమే జపార్ ఒరోజోవిచ్ వైపు చూశాడు.

"డ్రాయింగు వెళ్ళిపోయింది అక్కా," అన్నాడు ఆయన. "వీళ్ళ నాన్నకి చూపించాం. అతుకు లేకుండా నున్నగా ఉందని ఆయన ముచ్చటపడ్డాడు. ఇప్పుడు మార్చడం కుదరదు. సోమవారం ప్రదర్శన."

"అయితే ప్లాస్టిక్‌దే ప్రదర్శించండి."

"కాయ పగలొద్దూ?"

"పగలదు. ఇదే పగులుతుంది."

బురుల్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. కిసుక్కున నవ్వింది. జపార్ ఒరోజోవిచ్ ఆ పిల్లని వెళ్ళమన్నట్టు చూసి, ఎల్దియార్‌ని కూడా పంపించి, స్టూలు లాక్కున్నాడు. షెడ్డు కేసి చూశాడు. ఆరు లేత్‌లు, రెండు మిల్లింగు మెషీన్లు, కిటికీల్లోంచి పడుతున్న మే నెల ఎండ.

"కంప్యూటర్ హాలుకి ఈ షెడ్డు అడుగుతున్నారు. నీకు తెలుసు. ఈ నలభై యంత్రాల ఆర్డరు వస్తే కనీసం అయిదేళ్ళు ఎవరూ దీని జోలికి రారు. అటు నువ్వు కాదంటే..." చేతులు తిప్పేశాడు. "నేను దుర్మార్గుణ్ణి కాదక్కా. నాకూ తెలుసు, ఆ పిల్లది బాగుంది. కానీ ఆ పిల్ల వెనక ఎవరున్నారు?"

"నేను సంతకం పెట్టను. ఇది చెయ్యడం కుదరదు."

"కుదరదా, నీ వల్ల కాదా?"

చూడండి, అక్కడ పట్టుకున్నాడు. పాత శిష్యుడు కదా, గురువు నరం ఎక్కడుందో తెలుసు. కలీపా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆకురాయి పట్టిన ముప్ఫై అయిదేళ్ళలో ఆవిడని ఎవరూ ఆ మాట అనలేదు.

"నా వల్ల కాకపోవడమేంటి," అంది. "ఒకటయితే చెయ్యగలను."

"ఒక్కటే చాలు," అన్నాడాయన.

ఆయన వెళ్ళిపోయాక గానీ తను ఏమందో ఆవిడకి తెలిసిరాలేదు. తెలిసొచ్చాక, ఎవరూ లేని షెడ్డులో, "ఓసి పిచ్చిమొహమా," అని తనని తనే తిట్టుకుంది.

*

గురువారం పొద్దున్నే దిమ్మ వచ్చింది. దానికి పైనుంచీ కిందినుంచీ బెజ్జం వేసేదాకా మెషీను పని. ఆ తర్వాత ప్రపంచంలో ఏ మెషీనూ సాయం రాదు. కలీపా సన్న ఆకురాళ్ళు ఏరి, వాటి కొసల్ని టార్చి మంటలో ఎర్రగా కాల్చి, పట్టుకారుతో కొక్కేల్లా వంచింది. మళ్ళీ కాల్చి నూనెలో ముంచితే చుయ్‌మని పొగ లేచింది. ఒక్కొక్క మూలకి ఒక్కొక్క వంపు. దిమ్మని వైసులో బిగించి, వంచిన ఆకురాయిని మూతిలోంచి దూర్చి, కనిపించని చోట, చేతి స్పర్శ ఒక్కటే ఆధారంగా గీకడం మొదలుపెట్టింది. పది గీతలకోసారి దిమ్మని విప్పి, బోర్లించి, రజను దులిపి, చిటికెన వేలు లోపల పెట్టి తడుముతుంది. మళ్ళీ బిగిస్తుంది.

మధ్యాహ్నానికి బురుల్ వచ్చింది. బోల్టుని ముప్ఫైకి జరిపిన కాగితం చేతిలో ఉంది.

"అక్కా, సంతకం."

"చేతులు చూడు ఎలా ఉన్నాయో. అక్కడ పెట్టు. నీ గొట్టం కోసుకుని వెల్డింగు మొదలుపెట్టు, నీకు నా అవసరం లేదు."

అది నిజమే. పిల్లకి ఆవిడ అవసరం లేదు. గురువారం సాయంత్రానికి గొట్టం లోపల కడ్డీలు అంటించేసింది. శుక్రవారం రేకుని దుంగమీద వేసి కొట్టి శంకువులా చుట్టింది. వెల్డు ఒకచోట ఉబ్బితే తనే రాయి పట్టి అరగదీసింది. మధ్యమధ్యలో డ్రాయింగు చూసుకుని, "ఇక్కడ కొలత రాయలేదే, వాడికెలా తెలుస్తుంది?" అని తనలో తను అనుకుని పెన్సిలుతో రాసుకుంది. ఆ మాట విని కలీపా ఆకురాయి ఒక క్షణం ఆగింది. ఇరవై రెండేళ్ళుగా ఏ ప్రశ్న విద్యార్థి నోట రావాలని చూసిందో అది ఇవాళ వచ్చింది, వచ్చేసరికి తన చేతులు ఖాళీగా లేవు.

శనివారం ఎల్దియార్ కూడా వచ్చాడు. కాసేపు నిలబడి, "నేనేమన్నా సాయం చెయ్యనా అక్కా?" అన్నాడు. ఆవిడ టార్చిలైటు చేతికిచ్చి మూతిమీద పట్టమంది. వాడు గంటసేపు పట్టాడు. చూస్తున్నకొద్దీ వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత కష్టమనుకోలేదక్కా. కంప్యూటర్లో ఒక్క క్లిక్కు."

"నీ క్లిక్కే ఇది. ఇదిగో, మూడ్రోజుల్నించి క్లిక్కుతున్నా."

వాడు నవ్వలేదు. "మా నాన్నకి చెప్పనా?"

"ఏమని?"

ఏమని చెప్పాలో కలీపాకి మాత్రం తెలుసా? వాడు టార్చిలైటు బల్లమీద పెట్టి, మెల్లగా వెళ్ళిపోయాడు.

టీ వేళకి బురుల్ గుడ్డ పరిచి రొట్టె, గుప్పెడు చెర్రీలు పెట్టింది. కలీపా వచ్చి కూర్చుని, రొట్టె తుంచుకుని, మిగిలింది పరధ్యానంగా బోర్లా పెట్టేసింది. రొట్టెని బోర్లా పెట్టడమంటే అన్నానికి అపచారం, ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా చేయని పని. బురుల్ దాన్ని తిప్పి వెల్లకిలా పెట్టింది. అప్పుడే కలీపా వేళ్ళు చూసింది. చూపుడు వేలికి గుడ్డపీలిక, దానిమీద ఎండిన నెత్తురు.

"అక్కా, ఒకటడగనా? ఎల్దియార్ డ్రాయింగులో ఆకురాయి ఎక్కడుంది?"

"నోర్మూసుకుని తిను."

"పదునైన మూల అని గీశాడు, ఏ పనిముట్టో రాయలేదు. నేనలా రాయకపోతే మీరు నా కాగితం మొహాన కొట్టరూ?"

"కొడతాను. నీకు కొడతాను!" కలీపా గొంతు షెడ్డంతా వినిపించింది. "నీ పని నువ్వు చూసుకో. అందరి పనీ నీకెందుకు?"

పిల్ల చెర్రీ గింజలు ఒక్కొక్కటే కాగితంలో పెట్టి మడిచింది. సాయంత్రం ఆమె యంత్రం తయారైంది. వికారంగానే ఉంది, దాచేదేం లేదు, కాళ్ళు పొలం గట్టుమీద నిలబడే మేకవిలా. అయితే పది కాయలు వేసి తిప్పితే ఎనిమిది కాయల పప్పు విరక్కుండా బయటికొచ్చింది. బోల్టుకు పానా పెడితే పూర్తి చుట్టు తిరిగింది. బురుల్ కావాలని మూడుసార్లు తిప్పి చూపించింది. కలీపాకి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

"ఇప్పుడన్నా సంతకం," అంది పిల్ల.

కలీపా కలం అందుకోబోయింది. మూడ్రోజుల గీకుడుకి వేళ్ళు వణుకుతున్నాయి, కలం నిలవట్లేదు. కాగితంమీద నల్ల వేలిముద్ర పడింది. "ఛీ, పాడైపోతుంది. సోమవారం పొద్దున్నే చేతులు కడుక్కుని చక్కగా పెడతానే."

"ఒట్టు?"

ఈసారి ఆవిడ 'ఫో' అనలేదు. తలూపింది.

*

సోమవారం పొద్దున్నే మీట పట్టట్లేదని జపార్ ఒరోజోవిచ్ కబురు పెట్టాడు. కలీపా పరుగున హాలుకెళ్ళి, రంగు వేసిన పెట్టెలో దిమ్మని కూర్చోబెట్టి, మీట చివర రెండు గీతలు గీకి, సరిచేసింది. అప్పుడే ఆయన డ్రాయింగు ఆవిడ ముందు పరిచాడు. "ఇక్కడక్కా," అన్నాడు మెల్లగా. చుట్టూ పిల్లలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, గిన్నెల్లో అక్రోట్లు. ఎల్దియార్ వాళ్ళ నాన్న అప్పుడే కారు దిగి తలమీద టోపీ సర్దుకుంటున్నాడు. కలీపా గడిలో సంతకం పెట్టింది. వేళ్ళు వణకలేదు. అది ఆవిడని ఎక్కువ బాధపెట్టింది.

బురుల్ కాగితం షెడ్డులో బల్లమీదే ఉందనుకుంది. పిల్ల దాన్ని తెచ్చి తన యంత్రం పక్కన గోడకి అంటించేసిన సంగతి తర్వాత గానీ చూడలేదు.

నిర్ణయించడానికి వచ్చిన పెద్దాయన సాదిక్ తుర్గునోవిచ్. రిటైరైన ఇంజినీరు, లోహం వాసన తెలిసినవాడు, తొందరపడే మనిషి కాదు. బురుల్ యంత్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తనే హ్యాండిల్ తిప్పాడు. పానా అడిగి తీసుకుని బోల్టు తిప్పాడు, సందు పెంచాడు, తగ్గించాడు. "మీ ఊళ్ళో ఎవరు చేస్తారమ్మా దీన్ని?" అని అడిగితే, "తాషిమత్ అని వెల్డరున్నాడు తాతగారూ, గేట్లు చేస్తాడు" అంది బురుల్. ఆయన గడ్డం నిమురుకున్నాడు. తర్వాత గోడమీది కాగితానికి కళ్ళు దగ్గరపెట్టాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, ఈ గడి ఖాళీగా ఉందేం?"

బురుల్ కలీపా కేసి చూసింది. ఆ చూపులో ఫిర్యాదు లేదు, ధీమా ఉంది. ఇప్పుడు వచ్చి పెడుతుంది కదా అన్న ధీమా.

"కలీపా అంత సుళువుగా సంతకం పెట్టదండీ," అన్నాడు జపార్ ఒరోజోవిచ్ నవ్వుతూ. "అది అందరికీ తెలుసు. పెట్టలేదంటే ఏదో ఉండే ఉంటుంది."

ఇరవై రెండేళ్ళ నిక్కచ్చితనం అలా అక్కరకొచ్చింది చూడండి. హాల్లో ఒకరిద్దరు తలలూపారు. ఆ పిల్ల డ్రాయింగుని ఆవిడ మూడుసార్లు తిప్పి పంపిందన్నది కూడా అందరికీ తెలిసిందే.

సాదిక్ తుర్గునోవిచ్ మాత్రం ఆవిడవైపే తిరిగాడు. "నువ్వు చెప్పు కలీపా. నీ మాట చాలు నాకు. ఇందులో ఏముంది లోపం?"

లోపం లేదు. ఆ రెండు మాటలే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆ తర్వాత ఆయన ఎల్దియార్ యంత్రం వైపు తిరుగుతాడు, 'మరి దాన్లో?' అంటాడు. దానిమీద సంతకం తడి ఇంకా ఆరలేదు. జపార్ ఒరోజోవిచ్ కిటికీలోంచి బయటికి, షెడ్డు కేసి చూస్తున్నాడు. కలీపాకి ఆరు లేత్‌లూ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి, గోడకి వరసగా పేర్చిన కుర్చీలు, కంప్యూటర్లు కనిపించాయి. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆవిడ పని.

"చూడ్డానికి టైము చాల్లేదు," అంది.

బురుల్ మొహంలో ఏదో ఆరిపోయింది.

పెద్దాయన ఎల్దియార్ యంత్రం దగ్గరికి నడిచాడు. మీట నొక్కాడు. పది కాయలకి పదీ పగిలాయి, పప్పులన్నీ పూలరేకుల్లా తట్టలో పడ్డాయి. చప్పట్లు మోగాయి. ఎల్దియార్ తల దించుకున్నాడు. సాదిక్ తుర్గునోవిచ్ చప్పట్లు కొట్టలేదు. చిటికెన వేలు మూతిలో పెట్టి లోపల తడిమి, అలాగే ఉంచేశాడు. తర్వాత కలీపా చేతివైపు, వేలికున్న గుడ్డపీలిక వైపు చూశాడు.

"ఇది డ్రాయింగు ప్రకారమే చేశావా?"

నిజం చెప్పడానికి ఆయన ఆవిడకి తలుపు తెరిచి పట్టుకున్నాడు. అది ఆవిడకీ తెలుసు.

"ప్రకారమే. వందో వంతు తేడా లేదు."

అబద్ధం ఒక్క ముక్క చెప్పలేదు. టైము చాల్లేదన్నది నిజం, తేడా లేదన్నది నిజం. ఆ రెండు నిజాలూ కలిసి ఆ పిల్ల పీక నొక్కేశాయి. పెద్దాయన వేలు బయటికి తీసి, రుమాలుతో తుడుచుకుని, ఇంకేమీ అడగలేదు. గడి నిండిన డ్రాయింగుకి మొదటి స్థానం ఇచ్చారు.

బురుల్ యంత్రాన్ని తనే భుజానికెత్తుకుని బయటికి తీసుకుపోయింది. కలీపా వెనకాల నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎల్దియార్ వాళ్ళ నాన్న ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుని, "బంగారు చేతులమ్మా మీవి," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు పాపం.

*

శుక్రవారానికి జపార్ ఒరోజోవిచ్ మళ్ళీ 'అక్కా' అంటూ వచ్చాడు. టీ అడగలేదు. రాజధానిలో కొత్త మెషీన్లున్న కార్ఖానాకి నలభై దిమ్మలు చేసిపెట్టమని డ్రాయింగు పంపిస్తే, అది రెండ్రోజుల్లో తిరిగొచ్చింది. కాగితంమీద ఎర్ర పెన్సిలుతో ఎవరో రాశారు. 'పనిముట్టు లోపలికి పోదు. దీనికి సంతకం పెట్టిందెవరు?'

కలీపా ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. ఎవడో ముక్కూ మొహం తెలియని లేత్ మనిషి, తను ఇన్నేళ్ళూ పిల్లల్ని అడిగిన ప్రశ్నే తనని అడిగాడు.

"ఇప్పుడేం చేస్తారు?"

"ఆర్డరు పోకూడదక్కా. మనమే చేస్తామని చెప్పేశాను." ఆయన ఆవిడ మొహం చూడలేక వైసు కేసి చూస్తూ మాట్లాడాడు. "నువ్వు ఒకటి మూడ్రోజుల్లో చేశావు. నలభైకి నూట ఇరవై రోజులు. ఇవాళ్టినుంచి లెక్కేస్తే సరిగ్గా సెప్టెంబరు."

"ఆదివారాలు?"

"షెడ్డు జోలికి ఎవరూ రారులే," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి రెండో దిమ్మకి బెజ్జం వేసి, వైసులో బిగించి, ఆకురాయి పట్టుకుందో లేదో, తలుపు దగ్గర అలికిడయింది. బురుల్. భుజాన గోనెసంచీ. కొండదారి దుమ్ము బూట్లమీదే ఉంది. సలాం చెప్పింది, ఎప్పటిలాగే. సంచీలోంచి ఒక యంత్రం తీసి బల్లమీద పెట్టింది. తను చేసింది కాదు. గొట్టం తుప్పు రంగు, ఏ ట్రాక్టరుదో. హ్యాండిలు సైకిలు పెడలు. కడ్డీల వెల్డు మాత్రం బురుల్ దానికన్నా నున్నగా ఉంది.

"తాషిమత్ మామ చేశాడక్కా. నేను పక్కన లేను. అమ్మకి కాగితం ఇచ్చి ఆయన దగ్గరికి పంపించాను, అంతే. ఒకటిన్నర రోజు పట్టిందట. ఒక్కచోట కూడా ఫోను చేసి అడగలేదు."

కలీపా వెర్నియర్ తీసుకుంది. సందు కొలిచింది. కడ్డీకీ కడ్డీకీ మధ్య కొలిచింది. పానా పెట్టి బోల్టు తిప్పింది, పూర్తి చుట్టు, ఇంకో చుట్టు. రెండో ముక్క. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి చెబుతూ వచ్చింది గానీ, ఒక విద్యార్థి డ్రాయింగుకి రెండో ముక్క ఇలా ఎక్కడినుంచో నడిచొచ్చి తన బల్లమీద కూర్చోవడం ఇదే మొదలు.

"కాగితం ఏదే? తెచ్చావా?"

"ఉంది."

బురుల్ బ్యాగులోంచి తీసి పరిచింది. మడతల దగ్గర నలిగి ఉంది, మూల ఎవరిదో గ్రీజు చెయ్యి పడింది. పక్కనే శనివారంనాటి తన నల్ల వేలిముద్ర. గడి ఖాళీగానే ఉంది. కలీపా కుళాయి దగ్గరికి పరుగెత్తి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది, తుడుచుకుంది, కలం విప్పి కాగితంమీద వంగింది.

పిల్ల అరచెయ్యి మెల్లగా వచ్చి ఆ గడిమీద పడింది.

"వద్దక్కా."

"ఏం? ఇప్పుడు పెడతానే. చూశాను కదా, అన్నీ కొలిచాను."

"చెయ్యొచ్చని తాషిమత్ మామ చేసి చూపించాడు. ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, పక్క ఊళ్ళవాళ్ళు. వాళ్ళకి ఈ గడి అక్కర్లేదు." పిల్ల గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది కలీపాకి. "మీ సంతకం ఎల్దియార్ దానిమీద కూడా ఉందక్కా. నా దానిమీద కూడా ఉంటే, చూసినవాళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తాయి."

కలీపా కలానికి మూత పెట్టింది. ఏదన్నా చెప్పాలి. షెడ్డు సంగతి చెప్పాలి, నూట ఇరవై రోజుల సంగతి చెప్పాలి. చెబితే పిల్ల జాలిపడుతుంది. ఆ జాలి తనకు దక్కకూడదనిపించింది.

బురుల్ కాగితాన్ని పాత మడతలమీదే మడిచి బ్యాగులో పెట్టుకుంది. యంత్రాన్ని సంచీలో దించింది. గుమ్మందాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కొచ్చి, చిన్న మూట బల్లమీద పెట్టింది.

"అమ్మ పంపింది. ఆ యంత్రంలో కొట్టినవే. మీకు ఇమ్మంది. పానా తిప్పించిన అక్కకి అని."

పిల్ల వెళ్ళిపోయింది. మూట విప్పితే అక్రోటు పప్పులు, ఒక్కటీ విరగలేదు. కలీపా ఒకటి నోట్లో వేసుకుంది. తియ్యగా ఉంది. మిగిలినవి జాగ్రత్తగా కట్టి అల్మారాలో పెట్టింది. తర్వాత వైసు దగ్గరికెళ్ళి, నలభైలో రెండోదాన్ని ఇంకాస్త బిగించి, కొస వంచిన ఆకురాయిని మూతిలోంచి లోపలికి దూర్చింది.